ఖబ్జా ఎవరిది?

తెలుగులో ‘ఆక్రమణదారు’ అనే మాట రెండు చోట్ల వినిపిస్తుంది. ఒకటి బడిలో చరిత్ర పాఠం. రెండోది తాశీల్దారు కచేరీ. చరిత్ర పాఠంలో ఆక్రమణదారు అంటే మేమే. ఏడో తరగతిలో ఆ పాఠం వచ్చిన రోజు క్లాసంతా వెనక్కి తిరిగి మా బెంచీ వైపు చూడటం మాలో చాలామందికి తెలుసు. తాశీల్దారు కచేరీలో సంగతి వేరు. అక్కడ మసీదు దీపానికిచ్చిన మాన్యం మాది, పంట ఇంకొకరిది. ఖబరస్తాన్ మాది, దాని మధ్యలో లేచిన గోడ ఇంకొకరిది. ఒక ఫైల్లో దోషులం, ఇంకో ఫైల్లో ఫిర్యాదుదారులం. ఈ రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చదవాలన్నదే మా ప్రయత్నం.

ముందు మాటల సంగతి. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మాకు కోర్టు ఆవరణలో అడుగుపెడితే ఒక తమాషా కనిపిస్తుంది. అక్కడ నడిచే తెలుగులో సగం మా ఇళ్లలోంచి వెళ్లిందే. దావా, వకాల్తా, దస్తావేజు, జప్తు, అమీనా, రాజీ, రసీదు, సరిహద్దు, హక్కు. మునసబు అనే మాట ‘మున్సిఫ్’ నుంచి వచ్చింది, ‘ఇన్సాఫ్’ దాని తోబుట్టువు. కౌలు అంటే ‘ఖౌల్’, అంటే ఇచ్చిన మాట. జిరాయితీ అంటే ‘జిరాఅత్’, అంటే సేద్యం. వాయిదాకు మూలమైన ‘వాదా’కు అర్థం వాగ్దానం. కోర్టులో వాగ్దానం ఎలా వాయిదా అయిందో పదేళ్లు దావా నడిపినవాళ్లను అడిగితే చెబుతారు. ఇక ‘ఖబ్జా’. పాత దస్తావేజులో ఖబ్జా అంటే స్వాధీనం, అంతే. అది న్యాయమా అన్యాయమా అన్నది తర్వాత తేలాల్సిన విషయం. తెలుగు పత్రికల్లోకి వచ్చేసరికి కబ్జా అంటే భూమి కాజెయ్యడమే అయిపోయింది. మాట మారినట్టే మనుషుల గురించిన అంచనా కూడా మారింది. మా మాటలు లేకుండా కోర్టు ఒక్కరోజు నడవదు. ఆ మాటలు మాట్లాడే మమ్మల్ని మాత్రం ‘మీరెక్కణ్ణుంచి వచ్చారు?’ అని అడుగుతారు.

కొల్లేటి దేశంలో ఈ ప్రశ్న చాలా పాతది. కొల్లేటికోట కథ అందరికీ తెలిసిందే. సరస్సు మధ్య లంకలో గజపతులు కోట కట్టుకున్నారట. ఒడ్డున చిగురుకోట దగ్గర మహమ్మదీయ సైన్యం దిగిందట. నీళ్లన్నీ సముద్రంలోకి పోయేలా ఉప్పుటేరు తవ్వి, కోట మీద పడాలని చూశారట. గజపతుల సేనాని గెలుపు కోసం సొంత కూతుర్ని బలి ఇచ్చాడట. ఆ పాయకు పేరంటాల కనుమ అన్న పేరు అందుకే వచ్చిందట. ఇది స్థలపురాణం, సాక్ష్యం కాదు. అయినా ఈ కథను దావా పత్రంలా చదివి చూడండి. కోటలో ఉన్న గజపతులు ఒరిస్సా నుంచి వచ్చినవాళ్లు. ఒడ్డున ఉన్నవాళ్లు దక్కను నుంచి వచ్చినవాళ్లు. ఇద్దరూ బయటివాళ్లే. అయితే కథలో ఒకరే ఆక్రమణదారు. చంపిందెవరో తెలిసినా పిల్ల ప్రాణానికి జవాబుదారీ లేదు. సరస్సు ఎండిపోతే బతుకు పోయే చేపలు పట్టేవాడికి ఆ కథలో అసలు చోటే లేదు.

కథ పక్కన పెట్టి కాగితాలు చూద్దాం. ఏలూరు 16వ శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీల కిందికి వచ్చింది. 1687లో గోల్కొండ పడిపోయాక మొగలుల కిందికి, 1724 తర్వాత నిజాం కిందికి వెళ్లింది. 1753లో సలాబత్ జంగ్ ఏలూరు సర్కారును మిగతా ఉత్తర సర్కార్లతో కలిపి ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. 1759లో మచిలీపట్నం ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. 1765లో షా ఆలం ఫర్మానా, 1766లో నిజాంతో ఒడంబడిక. ఏటా ఇస్తామన్న పేష్కష్ హక్కును కూడా 1823లో కంపెనీ నిజాం దగ్గర కొనేసింది. దస్తావేజుల భాషలో చెప్పాలంటే డెబ్భై ఏళ్లలో దానం, జప్తు, ఫర్మానా, కౌలు, శుద్ధ క్రయం అన్నీ జరిగిపోయాయి. ఈ కాగితాల్లో దున్నినవాడి సంతకం ఎక్కడా లేదు. ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీ నేసిన సాయిబు సంతకమూ లేదు, ఊరూరా తిరిగి పత్తి ఏకిన దూదేకుల సంతకమూ లేదు. నవాబు చేసిన పనికి ఇవాళ దూదేకులవాడు జవాబు చెప్పుకోవాలంటే, కంపెనీ చేసిన పనికి ఎవరు చెప్పుకోవాలి?

ఆ నవాబులు, వాళ్ల కింది జమీందార్లు ఊళ్లలో చిన్న చిన్న ఇనాములు వదిలిపోయారు. గుళ్లకిచ్చినట్టే మసీదు దీపానికి, పీర్ల చావిడికి, ఖాజీ నౌకరికి, దర్గా దగ్గర వచ్చేపోయే ఫకీర్ల అన్నానికి. ఇచ్చినవాళ్లలో హిందూ జమీందార్లూ ఉన్నారు. మొహర్రం నాడు పీరు ముందు నిప్పుల గుండం తొక్కినవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నట్టే ఇదీ. అప్పట్లో ఇవన్నీ వాన పడితే పండే మెట్టచెక్కలు. వాటి మీద ఎవరి కన్నూ పడలేదు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. కొద్దేళ్లకే బెజవాడలో కృష్ణ ఆనకట్ట లేచింది. రెండు నదుల కాలువలూ ఏలూరులో కలిశాయి. నీళ్లు వచ్చాయి, మెట్ట మాగాణి అయింది. దీపం నూనెకిచ్చిన రెండెకరాలు రెండు పుట్ల వడ్లు పండించే భూమి అయ్యాక, గట్టు జరగడం మొదలైంది. మన ప్రాంతంలో భూతగాదాల చరిత్రకు మొదటి సాక్షి కాలువ నీరే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. 1858 నుంచి దశాబ్దం పైగా ఊరూరా విచారణ జరిగింది. సనదు చూపించమన్నారు. ఫారసీలో ఉన్న సనదులు కొన్ని ఉన్నాయి, చెదలు తిన్నవి ఎక్కువ ఉన్నాయి. అయితే ఆ కమిషన్ ఒక మంచి నియమం పెట్టుకుంది. యాభై ఏళ్లుగా ఇనాంగా అనుభవంలో ఉంటే కాగితం లేకపోయినా హక్కు ఒప్పుకుంటామన్నది. అట్లా తయారైనదే ఇనాం ఫెయిర్ రిజిస్టరు. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, దేనికిచ్చారు, ఇప్పుడెవరి అనుభవంలో ఉంది అన్నీ గళ్లల్లో రాశారు. మసీదు భూమి కూడా ఆ రిజిస్టర్లలో ‘దేవదాయం’ అన్న గడిలోనే కనిపిస్తుంది. అల్లాకిచ్చినదాన్ని కూడా దేవుడికిచ్చినట్టుగానే రాసుకున్న గుమాస్తాకు ఆ రోజున అందులో ఏ తేడా కనిపించలేదు. ఈ రిజిస్టరుకు ఎంతో విలువ ఇవ్వాలని 1919లోనే ప్రివీ కౌన్సిల్ ఒక మద్రాసు కేసులో చెప్పింది. ఇవాళ్టికీ కోర్టులో మా పక్షాన మాట్లాడే మొదటి సాక్షి అదే.

తర్వాత వచ్చిన రిజిస్టర్లకు ‘డైగ్లాట్’ అని పేరు. రెండు భాషలది అని అర్థం. ఇంగ్లీషు, తెలుగు. ఉర్దూకి అందులో చోటు లేదు. అంతకు ముందే 1837 చట్టంతో కంపెనీ పాలనలో ఫారసీ అధికారభాషగా పోయింది. తాత చదవగలిగిన సనదు మనవడికి తాయెత్తులా మిగిలింది. పెట్టెలో దాచుకున్నాడు, చదవలేకపోయాడు. చదవలేని కాగితం కోర్టులో మాట్లాడదు.

భూమి పోయిన తీరును మూడు రకాలుగా చెప్పవచ్చు. మొదటిది గట్టు జరగడం. ఏటా దుక్కిలో ఒక చాలు లోపలికి. రెండోది కౌలు. ఏడాదికని తీసుకున్న కౌలు కొడుకు కాలానికి హక్కు అవుతుంది, మనవడి కాలానికి అమ్మకం అవుతుంది. మూడోది మా ఇంట్లోంచే జరిగింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం, 1956లో ఆంధ్ర ప్రాంత ఇనాముల రద్దు చట్టం వచ్చాయి. భూమి సంస్థదా, వ్యక్తిదా అని తాశీల్దారు విచారించి పట్టా ఇవ్వాలి. రైత్వారీ గ్రామంలో సంస్థ ఇనాం సంస్థకే దక్కాలి. ఆ విచారణలో ‘ఇది మసీదుది’ అని చెప్పాల్సిన ముతవల్లి ‘ఇది మా తాతది’ అని చెప్పిన ఊళ్లున్నాయి. అట్లా చెప్పింది ఎవరు? ఫకీరు కాదు, ముజావరు కాదు, దూదేకుల అసలే కాదు. వాళ్లను కమిటీలోకే రానివ్వలేదు. చెప్పింది పేరు ముందు బిరుదులున్న పెద్దింటివాళ్లు. మా లోపలి ఈ సంగతి దాచిపెట్టి బయటివాళ్లను మాత్రమే తిడితే మా మాటకు బలం ఉండదు.

అట్లాంటి పట్టాల మీద సుప్రీంకోర్టు 1998లో సయ్యద్ అలీ కేసులో తీర్పు చెప్పింది. అది మన రాష్ట్రం కేసే. ఇనాం చట్టం కింద ఎవరి పేరనో పట్టా ఇచ్చినంత మాత్రాన ముందే వక్ఫ్ అయిన భూమి వక్ఫ్ కాకుండా పోదని, ఒకసారి వక్ఫ్ అయితే ఎప్పటికీ వక్ఫేనని ఆ తీర్పు సారం. చాలా ఊళ్లలో ఈ తీర్పు పేరు చెప్పుకుని దావాలు వేశారు. కొన్ని గెలిచారు. చాలా ఓడిపోయారు. ఎందుకు ఓడిపోయారో తెలుసుకోవాలి.

భూమి దావాలో కోర్టు అడిగేవి రెండే ప్రశ్నలు. హక్కు ఎవరిది? స్వాధీనం ఎవరిది? ఈ రెండూ ఒకరి దగ్గరే ఉండి, పక్కవాడు అడ్డుపడుతుంటే ఇంజంక్షన్ దావా చాలు. హక్కు ఉండి స్వాధీనం పోయిందా, స్వాధీనం ఇప్పించమని అడగాలి. హక్కు మీదే అనుమానం లేవదీస్తే ముందు హక్కు ప్రకటించమని కోరాలి, లేకపోతే ఇంజంక్షన్ నిలబడదు. 2008లో వరంగల్లు స్థలాల తగాదా అయిన అనాతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాలన్నీ విడమర్చి చెప్పింది. ఇది ముస్లింలకు, హిందువులకు అందరికీ ఒకటే. ఎవరైనా బలవంతంగా వెళ్లగొడితే ఆరు నెలల లోపు కోర్టుకు పోతే హక్కు జోలికి పోకుండానే స్వాధీనం తిరిగి ఇప్పించే దారి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఉంది. ఆరు నెలలు దాటితే హక్కు రుజువు చేసుకుని పోరాడాలి. దావా వేసినవాడు తన బలం మీద గెలవాలి, ఎదుటివాడి బలహీనత మీద కాదు. మావాళ్లు ఓడిపోయింది ఎక్కువగా ఇక్కడే. ‘ఇది మసీదుదని ఊరంతా తెలుసు’ అంటారు. కోర్టు ఊరిని అడగదు, సర్వే నంబరు అడుగుతుంది, చెక్కుబందీ అడుగుతుంది.

అడగాల్సిన చోటు కూడా చాలాకాలం తేలలేదు. 1995 వక్ఫ్ చట్టం ట్రిబ్యునల్ పెట్టింది, సివిల్ కోర్టులకు ఆ తగాదాల్లో అధికారం లేదన్నది. 2010లో సుప్రీంకోర్టు హైదరాబాదు నుంచి వెళ్లిన ఒక కేసులో, కౌలుదారును ఖాళీ చేయించే దావా సివిల్ కోర్టుదేనన్నది. 2013లో చట్టం మార్చి అదీ ట్రిబ్యునల్‌కే ఇచ్చారు. ఈ మార్పులన్నిటి మధ్య ఒక దావా కాగితం ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు తిరుగుతూనే ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో ట్రిబ్యునల్ హైదరాబాదులో ఉండేది. తాడేపల్లిగూడెం దగ్గర ఊళ్లో అరెకరం ఖబరస్తాన్ కోసం ఒక ముసలి ముజావరు రాత్రి బండెక్కి రాజధానికి పోవాలి. ఎదుటివాడి వకీలు వాయిదా అడుగుతాడు. వాదా మళ్లీ వాయిదా అవుతుంది.

కాలం మా పక్షాన ఉండదని మా చరిత్ర చాలాసార్లు చెప్పింది. లాహోరు షహీద్‌గంజ్ మసీదు 1722లో కట్టింది. 1762 నుంచి సిక్కుల స్వాధీనంలో ఉంది. 1940లో ప్రివీ కౌన్సిల్, గడువు దాటిపోయింది కాబట్టి ముస్లింలకు హక్కు లేదన్నది. మసీదైనా సరే లిమిటేషన్ చట్టానికి అతీతం కాదన్నది. బాబరీ మసీదు విషయంలో 1949 డిసెంబరు 22 రాత్రి విగ్రహాలు పెట్టారు. వక్ఫ్ బోర్డు 1961 డిసెంబరు 18న, పన్నెండేళ్ల గడువు ఇంకా కొద్ది రోజులుందనగా దావా వేసింది. గడువు దాటలేదని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 1949లో జరిగిందీ, 1992లో కూల్చిందీ చట్టవిరుద్ధమేనని 2019 నవంబరు 9న రాసింది. ఆ స్థలం మాత్రం రామమందిరానికే ఇచ్చి, వేరే చోట అయిదెకరాలు చూపించింది. అతిక్రమణ రుజువైనా స్థలం రాని దావా అది. దాని గురించి ఏ ఊరి టీకొట్టు దగ్గర మాట్లాడినా మేం గొంతు తగ్గించుకుంటాం. ఆ తగ్గిన గొంతు కూడా ఆక్రమణ లెక్కలోకే వస్తుంది.

కాగితం బలహీనంగా ఉన్నచోట కూడా ఓడిపోయాం. హైదరాబాదు పక్కన మణికొండలో హుస్సేన్ షా వలీ దర్గా పేర చూపిన 1,654 ఎకరాల భూమి ప్రభుత్వానిదేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో సేలం ఖబరస్తాన్ కేసులో, సర్వే జరక్కుండా గెజెట్లో అచ్చేసినంత మాత్రాన వక్ఫ్ కాదన్నది. ఆ శ్మశానం 1867 నుంచి వాడకంలో లేదు. అదే తమిళనాడు నుంచి వెళ్లిన 1976 నాటి కేసులో ఏళ్ల తరబడి పూడ్చుకుంటూ వచ్చిన చోటు ఖబరస్తానే అని ఒప్పుకుంది. రెండు తీర్పులూ కలిపి చదివితే ఒకటే మాట. మన చనిపోయినవాళ్లు మన సాక్షులు. వాళ్లను మర్చిపోతే సాక్ష్యం పోతుంది.

ఇక మళ్లీ కొల్లేటికి రండి. అక్కడి కథ వక్ఫ్ కథకు అన్నదమ్ముల వరస. వేసవిలో నేల, వానాకాలంలో నీరు అయ్యే చోట స్వాధీనం అంటే ఏమిటి? సరస్సు అడుగున జిరాయితీ పట్టాలున్నాయి, డి ఫారం పట్టాలున్నాయి, సర్కారు నీరు ఉంది. 1976 నుంచి లంకల్లో వడ్డీల పేర, దళితుల పేర సొసైటీలు పెట్టి చేపల చెరువులిచ్చారు. పేరు సొసైటీది, గట్టు మీద నిలబడి లెక్క చూసేవాడు పట్నం పెట్టుబడిదారు. 1999 అక్టోబరులో జీవో 120తో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం చేశారు. అందులో సుమారు పదిహేను వేల ఎకరాలు సొంత జిరాయితీలే. 2001లో హైకోర్టు ఆక్రమణలు తొలగించమంది. 2006లో సుప్రీంకోర్టు వేసిన కమిటీ ఆదేశాలతో గట్లు తెగ్గొట్టారు. 2008లో శాసనసభ సరిహద్దును మూడో కాంటూరుకు తగ్గించమని తీర్మానించింది. ఇన్ని జరిగినా రికార్డులో ఆక్రమణదారుగా పడింది సొసైటీ సభ్యుడి పేరే. లాభం తీసుకున్నవాడి పేరు ఏ ఫైల్లోనూ లేదు. మసీదు మాన్యంలోనూ అంతే. పేరు ఒకరిది, ఖబ్జా మరొకరిది, నింద మొదటివాడిది. వడ్డీ వాడి బాధ, సాయిబు బాధ వేరు వేరు కోర్టు హాళ్లలో ఉన్నాయి గాని కేసు ఒకటే.

ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది. 2025 ఏప్రిల్ 8 నుంచి అమల్లోకి వచ్చిన వక్ఫ్ సవరణ, వాడకం వల్ల వక్ఫ్ అవుతుందన్న మాటను ఇకముందుకు తీసేసింది. అప్పటికే రిజిస్టరై తగాదా లేనివి ఉంటాయంది. వక్ఫ్ భూములకు గడువు చట్టం వర్తించదని 1995 చట్టంలో ఉన్న 107వ సెక్షన్‌ను ఎత్తేసింది. అంటే పన్నెండేళ్లు నిద్రపోతే మసీదు మాన్యం కూడా పోతుంది. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను ఆపింది. అయిదేళ్లుగా ఇస్లాం ఆచరిస్తున్నట్టు చూపాలన్న షరతు, కలెక్టరు విచారణతోనే రికార్డు మార్చేసే అధికారం వాటిలో ఉన్నాయి. వాడకం మాటను, గడువు మాటను ఆపలేదు. నూట అరవై ఏళ్ల కిందట తెల్లదొర కమిషన్, కాగితం లేని పేదవాడి యాభై ఏళ్ల అనుభవాన్ని హక్కుగా ఒప్పుకుంది. ఇవాళ మన పార్లమెంటు ఆ అనుభవాన్ని అనుమానిస్తోంది. ఈ తేడా గమనించమని ముస్లిమేతర పాఠకులను మేం ప్రత్యేకంగా కోరుతున్నాం. వాడకం మీద నిలబడ్డ గ్రామదేవత గుళ్లు, మాలమాదిగల శ్మశానాలు, లంకల్లో వలలారేసుకునే చోట్లు మీ ఊళ్లోనూ ఉన్నాయి.

ఇంటి సంగతి ఒకటి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. 1937 షరియత్ చట్టంలో వ్యవసాయ భూమికి మినహాయింపు ఉండేది. మద్రాసు రాష్ట్రం 1949లోనే దాన్ని తీసేసింది. కాబట్టి కోస్తా జిల్లాల్లో ముస్లిం ఆడబిడ్డకు పొలంలో వాటా అప్పటి నుంచే చట్టం. ఎన్ని ఇళ్లలో ఇచ్చారు? నిఖాలో కట్నం ఇచ్చాంగా అని చెల్లెలి చేత వేలిముద్ర వేయించుకున్న అన్నలు ఎంతమంది? గట్టు జరిపినవాణ్ణి కోర్టుకీడ్చే మేం, చెల్లెలి గట్టు జరిపిన సంగతి ఏ దావాలో చెప్పుకుంటాం?

కాబట్టి చెయ్యాల్సిన పని కోర్టుకు ముందే ఉంది. ప్రతి ఊరి మసీదు కమిటీ తన మాన్యం ఇనాం రిజిస్టరు నకలు, డైగ్లాట్ నకలు, గెజెట్ నకలు తెచ్చుకోవాలి. సర్వే చేయించి నాలుగు మూలలా రాళ్లు పాతించాలి. ఆ కాగితాలు ముతవల్లి బీరువాలో కాకుండా శుక్రవారం నమాజుకొచ్చే రిక్షావాలా కూడా చదివేలా తెలుగులో గోడకు అంటించాలి. కమిటీలో దూదేకులను, ఫకీర్లను, ఆడవాళ్లను కూర్చోబెట్టాలి. ఎక్కువమంది కళ్లు కాపలా ఉన్న గట్టు జరగదు.

చరిత్ర పాఠం సంగతి మాత్రం మిగిలే ఉంది. దానికి మా విన్నపం చిన్నది. ఏలూరు మునసబు కోర్టు అరసెంటు తగాదాకు కూడా హక్కు ఎవరిది, స్వాధీనం ఎవరిది, ఎప్పటి నుంచి, సాక్ష్యం ఏమిటని అడుగుతుంది. వాది చెప్పిందే తీర్పు అనుకోదు. పక్కింటివాడి తప్పుకు నిన్ను శిక్షించదు. ఒక జాతి మొత్తాన్ని ఆక్రమణదారు అని రాసేముందు చరిత్ర పుస్తకం కూడా ఆ నాలుగు ప్రశ్నలూ అడిగితే చాలు. మా దగ్గర జవాబులున్నాయి. ఈ నేలలో పూడ్చుకున్న తరాల సమాధులున్నాయి. ఈ భాషలో కలిసిపోయిన మాటలున్నాయి. మా దావా ఇంతే. దీనికి వాయిదా వెయ్యకండి.